లెర్నింగ్ కమ్యూనిటీ పనిచేస్తోందా? ఫౌండేషన్లు ఎలా తేల్చుకోవాలి?

చదువు కోసం పనిచేసే ఫౌండేషన్ పది పదిహేను సంస్థలకు గ్రాంట్లు ఇస్తుంటుంది. వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడితే ఒకరి అనుభవం ఇంకొకరికి పనికొస్తుంది కదా అనే ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడానికి తరచూ కలిసే ఇలాంటి బృందాలే లెర్నింగ్ కమ్యూనిటీలు. చాలావరకు అవి అలాగే పుడతాయి. ఆలోచన మంచిదే. కానీ రెండేళ్లయ్యాక ‘దీనివల్ల పిల్లలకు ఏం ఒరిగింది?’ అని బోర్డు అడిగినప్పుడు చూపించడానికి హాజరు పట్టీలు, గ్రూపు ఫోటోలు తప్ప ఏమీ ఉండవు. అలా కాకూడదంటే మొదటి సమావేశానికి ముందే పని మొదలుపెట్టాలి.

1. ఎందుకు కూర్చుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి

అనుభవాలు పంచుకోవడానికా? ఒకే సమస్యను కలిసి పరిష్కరించడానికా? విధానాల మార్పు కోసం గొంతు కలపడానికా? ఈ మూడింటినీ ఒకే కొలతతో కొలవలేం. అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ టీచింగ్ రెండో దారి ఎంచుకుంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో (రెండేళ్ల చదువులుండే కాలేజీలు) చాలామంది విద్యార్థులు పునాది లెక్కల కోర్సుల దగ్గరే ఆగిపోయేవారు. ఆ ఒక్క సమస్య మీద కాలేజీలను కలిపి, ఏడాదిలోపు కాలేజీ స్థాయి లెక్కల క్రెడిట్ సంపాదించినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టింది. లక్ష్యం అంత స్పష్టంగా ఉంటే మూల్యాంకనం సగం పూర్తయినట్టే.

2. ఇప్పుడెలా ఉందో నమోదు చేయండి

‘గత మూడు నెలల్లో పనిలో చిక్కు వచ్చినప్పుడు ఎవరిని అడిగారు?’ అని ప్రతి సంస్థనూ అడగండి. జవాబులను గీతలతో కలిపితే ఎవరికి ఎవరితో మాటలున్నాయో పటం తయారవుతుంది. ఏడాది తర్వాత మళ్లీ గీయండి. గీతలన్నీ ఇంకా ఫౌండేషన్ దగ్గరికే వస్తుంటే, వాళ్లు ఒకరినొకరు అడగడం మొదలుకాలేదని అర్థం.

3. నేర్చుకున్నది ఎక్కడ ఆగిపోతోందో చూడండి

టీచర్ల శిక్షణను అంచనా వేయడానికి అమెరికా విద్యా పరిశోధకుడు థామస్ గస్కీ 2000లో ఐదు మెట్లు సూచించారు: పాల్గొన్నవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, వాళ్ల సంస్థ సహకరించిందా, నేర్చుకున్నది వాడారా, చివరికి పిల్లల చదువులో తేడా వచ్చిందా. లెర్నింగ్ కమ్యూనిటీకీ ఇవి చక్కగా సరిపోతాయి.

చాలామంది మొదటి మెట్టును కొలిచి ఐదో మెట్టు గురించి రిపోర్టు రాస్తారు. నా దృష్టిలో అసలు విషయం మూడో మెట్టులో ఉంది. సమావేశానికి వచ్చిన వ్యక్తి ఉత్సాహంగా తిరిగి వెళ్తారు. అక్కడ టైమ్‌టేబుల్ మార్చే అధికారం వాళ్లకు ఉండదు, పై అధికారికి ఆ సంగతే తెలియదు. అప్పుడు లోపం కమ్యూనిటీది కాదు, పిలవాల్సిన మనిషిని పిలవకపోవడంలో ఉంది. అందుకే సమావేశమైన ఆరు వారాలకు ఫోన్ చేసి, ‘ఏం ప్రయత్నించారు? ఎవరు అడ్డుపడ్డారు? ఎవరు తోడు నిలిచారు?’ అని అడగండి.

4. ఒక్కో ఆలోచన వెంట నడవండి

సమావేశంలో విన్న ఒక పద్ధతిని పట్టుకోండి. ఉదాహరణకు, చదవడంలో వెనుకబడిన పిల్లలను తరగతిని బట్టి కాకుండా వాళ్ల స్థాయిని బట్టి గుంపులు చేయడం. దాన్ని ఎవరు తీసుకెళ్లారు, ఎన్ని తరగతి గదులకు చేరింది, దారిలో ఎలా మారింది, పిల్లల చదవడంలో ఏం కనిపించింది అని చివరిదాకా వెళ్లి చూడండి. ఇలాంటి ఐదారు కథలు పూర్తిగా, ఆధారాలతో దొరికితే రెండువందల సర్వే ఫారాలకన్నా ఎక్కువ చెబుతాయి.

విజయగాథలు మాత్రమే ఏరుకోకండి. మూల్యాంకన నిపుణుడు రాబర్ట్ బ్రింకర్‌హాఫ్ పద్ధతిలో బాగా వాడుకున్నవాళ్లతోపాటు అసలు వాడనివాళ్లనూ కలుస్తారు. ‘వినడానికి బాగుంది, మా బడికి కుదరదు’ అన్నవాళ్ల మాటలోనే వచ్చే ఏడాది ఏం మార్చాలో ఉంటుంది.

5. భయం లేకుండా మాట్లాడనివ్వండి

డబ్బిచ్చేవాళ్ల ముందు ‘మీ సమావేశాలు దండగ’ అని ఎవరూ అనరు, గ్రాంట్ పోతుందేమోనన్న టెన్షన్ ఉంటుంది. కాబట్టి ఇంటర్వ్యూలు బయటి వ్యక్తితో చేయించండి. పేర్లు మీ దాకా రానివ్వకండి. ఇక్కడ చెప్పినది గ్రాంట్ పొడిగింపు మీద ప్రభావం చూపదని రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ మాట మీద నిలబడండి. ఇది చేయలేకపోతే ఇక్కడ చెప్పిన మిగతా పనులన్నిటిలో వచ్చే జవాబులను నమ్మలేం.

6. వాటా అడగండి, మొత్తం ఘనత కాదు

పిల్లలు బాగా చదువుతున్నారంటే కొత్త పుస్తకాలు, కొత్త టీచరు, వేరే కార్యక్రమం కూడా కారణం కావచ్చు. మూల్యాంకన నిపుణుడు జాన్ మేన్ రూపొందించిన కాంట్రిబ్యూషన్ అనాలిసిస్ (మార్పులో మన వాటా ఎంతో తేల్చే పద్ధతి) ఇక్కడ ఉపయోగపడుతుంది. ఏ కారణంతో ఏది మారుతుందని అనుకున్నారో ముందే రాసి, ఒక్కో లంకెకూ ఆధారం వెతికి, ఇతర కారణాలనూ పరీక్షించడమే ఆ పద్ధతి. పెద్ద పరీక్షల మార్కులు మొదటి ఏడాదిలోనే పెరగాలని ఆశించకండి.

7. ఖర్చు మొత్తం లెక్కేయండి

హాలు, ప్రయాణం, సమావేశం నడిపించే ఫెసిలిటేటర్ ఫీజుతో లెక్క ఆగదు. పదిహేను సంస్థల నుంచి ఇద్దరేసి చొప్పున ఏడాదికి ఆరు రోజులు వస్తే 180 పనిదినాలు. చిన్న సంస్థకు అవి చాలా విలువైనవి. అదే డబ్బు, అదే సమయం నేరుగా గ్రాంటుగానో ఒక్కో బడికి వెళ్లి సాయం చేయడానికో ఇస్తే ఏం జరిగేదో ఆ సంస్థలనే అడగండి. ఆ జవాబును, మీకు దొరికిన కథలను, మొదట్లో ఒకటి, ఏడాది తర్వాత ఒకటి గీసిన రెండు పటాలను పక్కపక్కన పెట్టి, కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా అన్నది వాళ్లతో కలిసే నిర్ణయించండి.