జిగ్‌జాగ్ మీద కాలు నిలవట్లేదా? ముందు వార్మప్ చూసుకోండి

శ్రీకాకుళంలో ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు ఎక్కువగా నన్నడిగేది ఒకటే. "సార్, పరుగు వస్తోంది, పుల్లప్స్ 10 లాగుతున్నాను, జిగ్‌జాగ్ మీదే పడిపోతున్నాను." జిగ్‌జాగ్ అంటే మలుపులు తిరిగే సన్నటి బీమ్ మీద పడకుండా నడవడం. దానికి మార్కులు లేవు, కానీ పాసవ్వకపోతే మిగతా మార్కులు ఎన్నున్నా ఉపయోగం లేదు. ఆ భయంతో గంటలకొద్దీ బీమ్ మీదే నడుస్తారు. చాలామందికి తేడా వచ్చేది బీమ్ ఎక్కకముందే.

గ్రౌండ్‌కి రాగానే బూట్లు విప్పి ఒక్కో కాలి మీద 30 సెకన్లు నిలబడండి. వార్మప్ అయ్యాక మళ్లీ నిలబడండి. రెండు నిమిషాల పని. ఎన్నిసార్లు చెప్పినా ఇది వదిలేసి నేరుగా బీమ్ ఎక్కేస్తున్నారు.

రాగానే తూలి, వార్మప్ తర్వాత కుదురుకుంటే
ఒళ్లు వేడెక్కలేదు, అంతే. పుష్యమాసం మంచులో అయితే 10 నిమిషాలు మెల్లగా పరుగెత్తి, చీలమండలు తిప్పుకోండి.

వార్మప్ తర్వాతే ఎక్కువ తూలితే
నన్ను దెబ్బతీసింది ఇదే. చాలాకాలం పిల్లల్ని వరసగా గోడకి నిలబెట్టి, ఒక్కో పిక్కనీ రెండేసి నిమిషాలు కదలకుండా లాగి ఉంచమనేవాణ్ణి. పిక్కలు వదులైతే మంచిదనుకున్నాను. ఒకరోజు ఒక కుర్రాడు స్ట్రెచింగ్‌కి ముందు బీమ్ మీద రెండుసార్లు చక్కగా నడిచాడు. స్ట్రెచింగ్ అయ్యాక మొదటి మలుపులోనే కుడి మడమ పక్కకి జారింది. మళ్లీ ఎక్కితే మళ్లీ అక్కడే. కింద కూర్చుని అతని పాదమే చూశాను. బీమ్ మీద చీలమండ అటూ ఇటూ సర్దుకుంటూనే ఉండాలి. అతనిది సర్దుకుంటోంది, కానీ ఒంటి బరువు అప్పటికే ఒరిగిపోయాక.

నిలకడకి కళ్లూ లోపలి చెవీ ఎంత అవసరమో, కండ ఎంత సాగిందో మెదడుకి చేరే కబురూ అంతే అవసరం. ఒకే భంగిమలో నిమిషం దాటి లాగి ఉంచితే కండ బలం కాసేపు తగ్గుతుంది, స్పందన మందగించవచ్చు. 15 - 20 సెకన్లయితే భయం లేదు.

కాబట్టి కదలకుండా లాగే స్ట్రెచింగ్‌ని సాధన చివరికి మార్చండి. బీమ్‌కి ముందు కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, మునివేళ్ల మీద నడక, మడమల మీద నడక, ఒంటికాలి గెంతులు చాలు. తర్వాత నేల మీద సున్నంతో జిగ్‌జాగ్ గీసుకుని దానిమీద నాలుగుసార్లు నడిచి, అప్పుడు బీమ్ ఎక్కండి.

పరుగు తర్వాతే తూలితే
నాగావళి ఇసుకలో ఆయాసపడేదాకా పరుగెత్తి రావడం వార్మప్ కాదు. ఇసుకకి పిక్కలు ముందే అలసిపోతాయి. 15 నిమిషాలు ఆగి ఎక్కండి. ర్యాలీలో జిగ్‌జాగ్ పరుగు తర్వాతే ఉంటుంది కనుక అలుపుతోనూ సాధన చెయ్యాలి, కానీ ముందు మామూలుగా నిలకడ కుదరాలి.

బూటు అడుగు అరిగితే మార్చండి. ఒక కాలే తూలుతుంటే పాత బెణుకేమో చూసుకోండి. కళ్లు తిరుగుతుంటే మాత్రం సాధన ఆపి డాక్టరుకి చూపించుకోండి.