ప్రేయర్ బోర్డు మీద ‘నేటి విశేషం’ ఎలా రాయాలి?

జూలై 4 పొద్దున చాక్‌పీస్ పట్టుకుని బోర్డు ముందు నిలబడితే ఏది రాయాలో, ఏది వదలాలో తెలియక టెన్షన్ వస్తుంది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆ రోజే. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది ఆ రోజే. 1902లో వివేకానందుడు, 1934లో మేరీ క్యూరీ, 1963లో పింగళి వెంకయ్య కన్నుమూసిందీ ఆ రోజే.

హనుమకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ చెప్తాను. ప్రేయర్ దగ్గరి బోర్డు పన్నెండేళ్ళుగా నా పనే. మొదట్లో ఒక జూలై 4న ఈ ఐదూ రంగు చాక్‌పీసులతో చక్కగా రాశాను. ప్రేయర్ అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు దగ్గరికి వచ్చి, “సార్, మా అమ్మమ్మోళ్ళది కడవెండి. ఇయ్యాల కొమురయ్య వర్ధంతి. గది రాయలేదేంది సార్?” అని అడిగింది.

1946 జూలై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ సంఘం ఊరేగింపు మీద భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమురయ్య అక్కడే నేలకొరిగాడు. పందొమ్మిదేళ్ళ వయసు. తెలంగాణ సాయుధ పోరాటం మంటలా లేచింది ఆ చావుతోనే. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, మా ఊరి నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అమెరికా దాకా వెళ్ళిన నా చాక్‌పీస్ అక్కడికి వెళ్ళలేదు. ఆ రోజు నుంచి పని చేసే పద్ధతి మార్చుకున్నాను. కొత్తగా ఈ బాధ్యత తీసుకునే టీచర్ల కోసం ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక లావుపాటి రిజిస్టర్ కొనండి. తేదీకి ఒక పేజీ, మొత్తం 366. ఫిబ్రవరి 29ని మర్చిపోవద్దు. మొరార్జీ దేశాయ్ 1896లో, రుక్మిణీదేవి అరుండేల్ 1904లో ఆ రోజే పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాదు కాబట్టి మొరార్జీకి ఎనిమిదేళ్ళు నిండేదాకా అసలైన పుట్టినరోజే రాలేదు. పిల్లలకు లీపు లెక్క చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పేజీ పైన తేదీ, నెల మాత్రమే వేయాలి. సంవత్సరం ప్రతి వాక్యం మొదట్లో రావాలి. కొత్త విషయం ఎక్కడ దొరికినా ముందు పెన్సిల్‌తో రాయండి. ఒకదాన్ని చూసి ఒకటి రాయని రెండు పుస్తకాల్లో అదే తేదీ కనబడితే పెన్నుతో దిద్దండి. బోర్డు మీదికి పెన్నుతో ఉన్నదే వెళ్ళాలి. వాట్సాప్‌లో వచ్చింది ఎంత బాగున్నా పెన్సిల్ దాటకూడదు. సరిచూసుకోవడానికి నేను హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి వెళ్తాను. ఆదివారం ఒక పూట కూర్చుంటే వారానికి సరిపడా పని అవుతుంది.

తేదీలు సరిచూడటమే ఈ పనిలో కష్టమైన భాగం. నా సంగతే తీసుకోండి. సర్టిఫికెట్‌లో నా పుట్టిన తేదీ జూన్ 1. మా అమ్మ మాత్రం “సమ్మక్క జాతరైన మూడో నాడు పుట్టినవ్ బిడ్డా” అంటుంది. జాతర మాఘ పౌర్ణమికి జరుగుతుంది, అంటే జూన్‌కు నాలుగు నెలల ముందు. బడిలో చేర్పించేటప్పుడు పంతులు రాసిన తేదీయే మా తరంలో చాలామందికి పుట్టినరోజు అయింది. పాతతరం పెద్దవాళ్ళ విషయంలో పుట్టిన సంవత్సరం ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. పింగళి వెంకయ్య గారిది కొందరు 1876 అంటారు, కొందరు 1878 అంటారు. అలాంటప్పుడు బోర్డు మీద వర్ధంతి ఒక్కటే రాస్తాను.

శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది. 78 కలిపితే మన లెక్క వస్తుంది. కానీ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 మాఘ మాసానిది. మాఘం జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడుతుంది, అప్పటికి ఇంగ్లిష్ సంవత్సరం మారిపోతుంది. అందుకే అది 1162 కాదు, 1163. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంచుమించుగా సరిపోతుంది. అలా లెక్కగట్టింది సంవత్సరం వరకే నమ్మండి, రోజు కోసం నమ్మవద్దు.

షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు చనిపోయారని చాలా చోట్ల రాస్తారు. స్పెయిన్‌లో అప్పటికే కొత్త క్యాలెండర్ వచ్చింది, ఇంగ్లండ్‌లో 1752 దాకా పాతదే నడిచింది. రెండింటికీ అప్పట్లో పది రోజుల తేడా. ఒకే తేదీ అయినా ఒకే రోజు కాదు. రష్యా అక్టోబర్ విప్లవం మన క్యాలెండర్‌లో నవంబర్ 7న వచ్చేదీ ఇందుకే.

కొన్ని రోజులకు తేదీ పేజీ సరిపోదు. కొమురం భీం వర్ధంతిని జోడేఘాట్‌లో ఆదివాసీలు ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు, అది ఏటా మారుతుంది. రిజిస్టర్ చివర పది పేజీలు తిథుల కోసం వదిలిపెట్టి, ఉగాదికి పంచాంగం రాగానే ఆ ఏటి తేదీలు వేసుకోండి.

ఇక బోర్డు. నాలుగు వాక్యాలు దాటొద్దు. మన జిల్లాది మొదట, దేశానిది తర్వాత, ప్రపంచానిది చివర. ఆగస్టు 6న హిరోషిమా రాయాల్సిందే. కానీ ఆత్మకూరు మండలం అక్కంపేటలో 1934లో ఆ రోజే పుట్టిన తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త జయశంకర్ సార్ పేరు దానికి పైన ఉండాలి. జూన్ 21న అందరూ యోగా దినోత్సవం ఒక్కటే రాసి వదిలేస్తారు. నర్సంపేట దగ్గర లక్నెపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు 1991లో ప్రధానిగా ప్రమాణం చేసిందీ, 2011లో జయశంకర్ సార్ కన్నుమూసిందీ ఆ రోజే. ఇద్దరూ పాత వరంగల్ జిల్లా బిడ్డలే. ఆ పేర్లు రాయని ఏడాది నాకు మనసొప్పదు.

మాటల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. బతికున్నవాళ్ళకు పుట్టినరోజు, పోయినవాళ్ళకు జయంతి. కాళోజీ 1914 సెప్టెంబర్ 9న పుట్టారు, కాబట్టి 2014లో వచ్చింది నూరవ జయంతి. శతజయంతి ఉత్సవాలు మాత్రం చాలాసార్లు ఒక ఏడాది ముందే మొదలవుతాయి, 1921లో పుట్టిన పి.వి. గారివి 2020లో మొదలైనట్టు. ఉత్సవం చూసి లెక్క వేస్తే తప్పుతుంది.

నాలుగింటిలో ఒక్కదాన్ని నోటితో చెప్పండి, రెండు నిమిషాలు చాలు. జూలై 25న రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని చదివి వదిలేయకుండా, “మీలో రామప్పకు పోయినవాళ్ళు ఎవరు?” అని అడగండి. చేతులు లేచాక మిగతాది పిల్లలే చెప్తారు.

ఎంత వెతికినా మన జిల్లా విషయం దొరకని పేజీలు ఉంటాయి. వాటికోసం పిల్లలను ఇళ్ళకు పంపండి. ఊరికి మొదటి బస్సు వచ్చిన రోజు, కరెంటు వచ్చిన రోజు ఎవరికైనా గుర్తుందేమో, కాగితం ఏదైనా ఉందేమో అడిగి రమ్మనండి. కాగితం ఉంటే పెన్ను, మాట మాత్రమే ఉంటే పెన్సిల్. ఆఫీసు బీరువాలో మీ బడి పాత అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. అందులో మొదటి విద్యార్థి చేరిన తేదీ చూసి, ఈ సాయంత్రమే ఆ పేజీలో పెన్నుతో రాయండి.