టీటీ (టేబుల్ టెన్నిస్) ఛాంపియన్ కోచ్ కావాలంటే మొదలు నేర్చుకోవాల్సింది

మెడల్స్ గెల్చినోళ్లు కోచింగ్ మొదలుపెట్టంగనే చానామంది చేసే తప్పు ఒక్కటే, పోరలతోని గేమ్ ఆడుతరు. నేను గూడ మహబూబ్‌నగర్‌ల గట్లనే చేసిన, స్టేట్ ఆడొచ్చిన ఊపుల పన్నెండేండ్ల పోరగానికి టాప్‌స్పిన్ (బాల్‌ను ముందుకు గిర్రున తిప్పి కొట్టే షాట్) మీద టాప్‌స్పిన్ కొట్టిన, నెల తిరిగేసరికి వాడు రావుడే బంద్ చేసిండు, ఆ బాధ ఇప్పటికీ పోలె.

అందుకే మొదలు మల్టీబాల్ నేర్చుకోండ్రి. పక్కన బుట్టల వంద బాల్స్ పెట్టుకోని, ఎడమ చేతిల మూడు నాలుగు పట్టుకోని, ఒక్కోటి టేబుల్ మీద వదిలి అది లేవంగనే బ్యాట్‌తోని అవతలికి పంపాలె, ఒకటే చోటికి, ఒకటే స్పీడుతోని. చూస్తే అల్కగనే కొడ్తది గని మ్యాచ్‌లకు అలవాటైన చెయ్యి ప్రతి బాల్‌కు పాయింట్ తీయాలనే చూస్తది, నా చెయ్యి మాట వినేటాలకు ఆర్నెల్లు పట్టింది. ఫీడ్ చేసేటప్పుడు కండ్లు పిల్లల కాళ్ల మీదనే ఉండాలె, బాల్ నెట్‌కు తాకుతున్నదంటే చానాసార్లు అడుగు లేట్ పడ్డట్టే, ఊకె చెయ్యి సరిజేస్తే లాభం లేదు.

పట్టు గూడ చూడుండ్రి. వేళ్ల కణుపులు తెల్లగైనయంటే బ్యాట్‌ను పిసుకుతున్నరన్నట్టు, "కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టు బిడ్డా" అంటే జల్దిన సమజైతది. సర్వీస్‌ల బాల్ కనీసం 16 సెంటీమీటర్లు ఎగరెయ్యాలని రూల్, చిన్నోళ్లకు ఆ లెక్క ఎక్కదు, నెట్ ఎత్తు 15.25 గదా, అరచెయ్యి చాపి "చేతి మీదికెళ్లి నెట్ ఎత్తు కంటే జర పైకి" అని చూపిస్తే అయిపోతది.

మా పాలమూరుల ఎండలతోని ఇంకో తిప్పలు. బాల్ బరువు 2.7 గ్రాములే, ఫ్యాన్ ఏస్తే పక్కకు పోతది, బంద్ చేస్తే పిల్లలు ఉడికిపోతరు, గందుకే ఎండకాలం పొద్దుగాల ఆరుకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించుండ్రి.

సర్టిఫికెట్‌కు పటియాల ఎన్‌ఐఎస్‌ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్)ల ఆరు వారాల కోర్స్ ఉంటది, చెయ్యుండ్రి.

పెద్ద ఆటగాడు కోచ్‌గ పనికొస్తడా అని అడిగేటోళ్లకు నేను చైనా లియు గ్వోలియాంగ్ పేరు చెప్త, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌ల సింగిల్స్, డబుల్స్ రెండు గోల్డ్‌లు కొట్టి 2003ల వాళ్ల మగోళ్ల టీమ్‌కు హెడ్ కోచ్ అయిండు. ఇగ కోచ్ పని ఎంత పెద్దదో చూడుండ్రి, మన శ్రీజ ఆకుల 2022ల నేషనల్ ఛాంపియన్ అయ్యి అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌ల శరత్ కమల్‌తోని మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ తెచ్చింది, ఆమె ఎనుక ఏండ్లకేండ్లు హైదరాబాద్‌ల ఆమె కోచ్ సోమనాథ్ ఘోష్ సార్ పని ఉన్నది.

ఇంకొకటి, ఫీడింగ్‌కు మీ మ్యాచ్ బ్యాట్ తీస్కపోకుండ్రి, రబ్బర్ జల్ది అరిగిపోతది, పాతది చాలు.