కంటి పరీక్షలో రోగి ఒంటి తీరు: సమస్య, కారణం, పరిష్కారం

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో కంటి పరీక్షలు చేసేవారి దగ్గరికి ఒక్క తెలుగువారే రారు. నగరి, పుత్తూరు వైపు నుంచి ఇంట్లో తమిళం మాట్లాడేవారు, కుప్పం, పలమనేరు వైపు నుంచి కన్నడం కలిసిన మాటవారు కూడా వస్తారు. బాధను మాటల్లో పెట్టలేని రోగి కూర్చునే తీరులో, తల తిప్పే తీరులో చాలా సంగతులు బయటపడతాయి. అయితే వాటిని బిడియమనో మొండితనమనో అనుకొని వదిలేయడం మనలో చాలామందికి అలవాటు. కంటి జబ్బును స్వభావంగా పొరబడితే ఎంత నష్టమో, భయాన్ని జబ్బుగా లెక్కగట్టినా అంతే నష్టం. అందుకే కింద చెప్పిన ప్రతి లక్షణాన్నీ అనుమానంగా మాత్రమే తీసుకొని, పరీక్షతో తేల్చుకోవాలి. రోగి తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా నడిచి వచ్చేటప్పుడే గమనించడం మొదలుపెట్టాలి. కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వేశాక ఆ నడకను బట్టి ఏదీ చెప్పలేము.

సమస్య: మాట్లాడుతున్నప్పుడు మన ముఖంలోకి చూడరు

డాక్టరు ఎదుట తల వంచుకోవడం మన పల్లెల్లో మర్యాద, కాబట్టి పెద్దవారు చూపు దించుకుంటే మొదట అదే తోస్తుంది. కానీ కంటి వెనక బొమ్మ పడే పొర అయిన రెటీనా మధ్యభాగం, అంటే మాక్యులా, దెబ్బతిన్నవారు కూడా మన ముఖాన్ని సూటిగా చూడరు. సూటిగా చూస్తే ముఖం ఉన్నచోట మసక మచ్చ కనిపిస్తుంది కనుక, పక్కనున్న రెటీనాతో చూడటానికి చూపును కొంచెం తప్పించి నిలుపుతారు. రెంటికీ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బిడియపడేవారి చూపు ఎక్కువగా నేల మీదికి పోతుంది, మాటలు సాగేకొద్దీ సర్దుకుంటుంది. మాక్యులా జబ్బు ఉన్నవారి చూపు మనల్ని చూసినా, చార్టును చూసినా, వెంట వచ్చిన కొడుకును చూసినా దాదాపు ఒకే వైపుకు తప్పి ఉంటుంది.

ఇలాంటప్పుడు ఒక కన్ను మూయించి, "అవ్వా, నా ముక్కు మీదే చూడు, ముఖంలో ఏ భాగమన్నా కనబడకుండా పోతోందా?" అని అడగాలి. తర్వాత రెండో కంటికీ అదే ప్రశ్న వేయాలి. ముక్కు, నోరు కనబడటం లేదంటే మధ్య చూపులోని లోపాన్ని పట్టించే ఆమ్స్‌లర్ గళ్ల కార్డు చూపించి, రెటీనా పరీక్షకు పంపాలి. "ఇటు చూడండి, ఇటు చూడండి" అని పదే పదే అనడం వల్ల ఆ మనిషి తనకు మిగిలి ఉన్న చూపును కూడా వాడుకోలేకపోతారు.

నడిచి వస్తూ ప్రతిసారీ ఒకే వైపు తలుపు చెక్కకు భుజం తగిలించుకునేవారికి, చార్టులో ప్రతి వరుసలోనూ ఒకే వైపు అక్షరాలు వదిలేసేవారికి చూపు పరిధి పరీక్ష తప్పనిసరి. నీటికాసులు (గ్లకోమా) ముదిరినవారు, మెదడుకు పక్షవాతం వచ్చినవారు ఇందులో ఉండవచ్చు.

సమస్య: తల ఒక పక్కకు వాల్చి చూస్తారు

పిల్లల విషయంలో దీన్ని ఇంట్లోవాళ్లు అలవాటుగా కొట్టిపారేస్తారు. కంటిని కదిలించే నరాల్లో ఒకటైన నాలుగో కపాల నాడి బలహీనపడితే రెండుగా కనిపించే బొమ్మలను ఒకటి చేసుకోవడానికి తల సాధారణంగా బాగున్న కంటి వైపుకు వాలుతుంది. అలాంటిదే అయిన ఆరో నాడి దెబ్బతింటే ముఖం జబ్బు ఉన్న కంటి వైపే తిరుగుతుంది. రెప్ప వాలినవారు గడ్డం పైకెత్తుతారు. కనుగుడ్లు నిలకడ లేకుండా ఊగే పిల్లలు ఆ ఊపు తగ్గే కోణం వెతుక్కొని తల తిప్పుతారు.

మనం చేసే మొదటి తప్పు తలను చేత్తో నిలబెట్టడం. ముందు వాల్చిన తలతోనే చూపు కొలిచి రాసుకోవాలి, ఆ తర్వాతే తల నిటారుగా పెట్టించి మళ్లీ కొలవాలి. ఒక కన్ను మూయగానే తల దానంతటదే నిటారుగా వస్తే, కారణం రెండు కళ్ల పొందికలో ఉందని అనుమానించాలి. మూసినా వాలే ఉంటే మెడ కండరాలనూ, కనుగుడ్ల ఊపునూ చూడాలి.

ఇది కొత్తగా వచ్చిందా, పాతదా అని తేల్చడానికి పాత ఫోటోలకు మించిన సాక్ష్యం లేదు. ఈ ప్రాంతంలో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించినప్పటి ఫోటో చాలా ఇళ్లలో ఉంటుంది, దాన్ని తెమ్మని అడగండి. అందులోనూ తల అలాగే వాలి ఉంటే జబ్బు చిన్ననాటిది. ఫోటోల్లో లేని వాలు పెద్దయ్యాక ఉన్నట్టుండి మొదలై, రెండుగా కనిపించడమో తలనొప్పో తోడైతే, అద్దాలు రాసి పంపకుండా అదే రోజు నరాల వైద్యుల దగ్గరికి పంపాలి.

సమస్య: చార్టు చదువుతూ ముందుకు వంగుతారు, కళ్లు చికిలిస్తారు

రెప్పలు దగ్గరికి చేరితే సన్నని సందు ఏర్పడి పిన్‌హోల్‌లా, అంటే సూదిబెజ్జం ఉన్న పలకలా పనిచేస్తుంది, దాంతో అసలు చూపు కంటే మెరుగైన చూపు నమోదవుతుంది. కళ్లు మామూలుగా తెరిచి ఉంచమని చెప్పి, పిన్‌హోల్‌తో విడిగా పరీక్షించండి. అక్షరాల దగ్గర తడబడి నవ్వేసేవారిని "చదువు వచ్చా?" అని అందరి ముందు అడగకండి, "ఏ భాష చార్టు పెట్టమంటారు, గుర్తుల చార్టు పెట్టమంటారా?" అంటే సరిపోతుంది.

సమస్య: కంటి ప్రెషర్ చూసేటప్పుడు బిగుసుకుపోతారు

ఊపిరి బిగబట్టడం, రెప్పలు గట్టిగా మూయడం, గడ్డం యంత్రానికి అందక మెడ సాచడం, ఇవన్నీ ప్రెషర్‌ను ఎక్కువ చూపిస్తాయి. సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండాల్సినది 25 వచ్చిందని వెంటనే నీటికాసులని చెప్పేయకూడదు. గాలి ఊదే యంత్రమైతే ముందు ఆ గాలిని రోగి చేతి మీద చూపించండి. కుర్చీ ఎత్తు సరిచేసి, బిగుతైన కాలరు గుండీ విప్పించి, ఊపిరి వదలమని చెప్పి మళ్లీ కొలవండి. రెప్పను పట్టుకోవాల్సి వస్తే వేలు ఎముక మీద ఆనాలి, కనుగుడ్డును నొక్కకూడదు.

సమస్య: అన్నింటికీ తల ఊపి "సరే సార్" అంటారు

అర్థమైనవారూ, చెవి సరిగా వినబడనివారూ, మందుల ఖర్చుకు భయపడేవారూ ఒకే రకంగా తల ఊపుతారు. మన పెదవులనే చూస్తూ ఒక చెవి ముందుకు పెడితే వినికిడి లోపం కావచ్చు, మాస్కు తీసి ఎదురుగా నిదానంగా చెప్పాలి. మందు ధర మాట రాగానే వెంట వచ్చినవారి వైపు చూస్తే, చవకైన మందు ఉందేమో అక్కడే మాట్లాడాలి. నీటికాసుల మందు జీవితాంతం వాడాల్సినది కనుక, "పెద్దాయనా, ఇంట్లో ఎట్లా వేసుకుంటావో ఒకసారి వేసి చూపించు" అని సీసా చేతికివ్వండి. సీసా మొన కంటికి తగులుతోందా, ఒక చుక్క లోపల పడుతోందా చూడండి. వేశాక కన్ను మూసి లోపలి మూల కాసేపు నొక్కాలనీ, రెండు మందులుంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగాలనీ చేయించి నేర్పండి.

సమస్య: టవలుతో కన్ను కప్పుకొని, వెలుగుకు మొహం చాటేస్తారు

ఇది కనిపించిన రోగిని వరుసలో కూర్చోబెట్టకండి. కంటిలోపలి వాపు గానీ, నల్లగుడ్డు (కార్నియా) మీది పుండు గానీ కావచ్చు. మామిడి తోటల్లో, చెరకు పొలాల్లో పనిచేసేవారికి ఆకో కొమ్మో తగిలితే బూజు (ఫంగస్) వల్ల పుండు పడే ప్రమాదం ఉంది. మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు దాన్ని మరింత ముదరబెడతాయి. "కంట్లో ఏమన్నా వేశారా?" అంటే చాలామంది ఇంటివాళ్ల వైపు చూసి, లేదంటారు. వెంట వచ్చినవారిని కాసేపు బయట ఉండమని, "ఆముదం గానీ, చనుబాలు గానీ, ఆకు పసరు గానీ ఎవరు వేసినా తప్పు పట్టను, తెలిస్తే మందు సరిగ్గా ఇస్తాను" అని అడగండి. చెప్పిన ప్రతిదీ చీటీ మీద రాసి, వాడిన సీసాలన్నీ రోగి చేతికే ఇచ్చి, ఆ రోజే కార్నియా వైద్యుల దగ్గరికి పంపండి.