గోధుమ జాడ లేకుండా రొయ్యలకు మసాలా పట్టించడం ఎలా?

ఇంట్లో ఎవరికైనా గ్లూటెన్, అంటే గోధుమలో ఉండే జిగురు ప్రొటీన్, పడదని తెలిస్తే మొదట చపాతీలు, పూరీల గురించే టెన్షన్ పడతాం. వేపుడు మీదికి దృష్టి పోదు. నిజానికి రొయ్యల్లో గ్లూటెన్ లేదు. ఉప్పు, పసుపు, నిమ్మకాయలో కూడా లేదు. అది దొంగచాటుగా వచ్చేది మనం పైన చేర్చేవాటితోనే. సోయా సాస్‌ను మామూలుగా గోధుమ కలిపే పులియబెడతారు. కరకరలాడాలని చల్లే మైదా సంగతి చెప్పనక్కర్లేదు. చాలామంది పట్టించుకోనిది ఇంగువ. డబ్బాల్లో అమ్మే ఇంగువలో తరచుగా గోధుమపిండి గానీ మైదా గానీ కలిపి ఉంటుంది. రొయ్యల్లో ఇంగువ ఎవరు వేస్తారంటారా? ప్యాకెట్ మసాలాలో ఉంటే మనం వేసినట్టే కదా! అందుకే ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి. లేదా ధనియాలు, మిరియాలు ఇంట్లోనే దంచుకోండి. నేనైతే దంచుకోమంటాను, ఆ ఘాటు వేరు.

ఒలిచిన రొయ్యలు అరకిలో తీసుకోండి. తలతో కొంటే కిలో దాకా కావాలి. వేపుడుకు కిలోకి 40, 50 తూగేవి బాగుంటాయి. మరీ చిన్నవైతే మసాలా పట్టేలోపే ఉడికిపోతాయి. వీపు మీద చాకుతో గీసి నల్ల నరం లాగేయండి. కాస్త ఉప్పు, పసుపు రాసి, రెండుసార్లు కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చండి. ఇక్కడ బద్ధకిస్తే మసాలా అంతా జారి మూకుట్లో పులుసవుతుంది. శుభ్రమైన గుడ్డతో అద్దితే ఇంకా మంచిది.

ఇప్పుడు గిన్నెలో ఒకటిన్నర చెంచాల కారం, చెంచా ధనియాల పొడి, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా పసుపు, ముప్పావు చెంచా ఉప్పు, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల నూనె వేసి కలపండి. అన్నీ టీ చెంచా కొలతలే. రొయ్యలు వేసి చేత్తో పట్టించి, కరివేపాకు తుంచి వేసి, మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

నిమ్మరసం మాత్రం ఇప్పుడే వద్దు. పులుపు రొయ్య మాంసాన్ని పొయ్యి ఎక్కకముందే గట్టిపరుస్తుంది. గంటలు గంటలు ఊరబెడితే మెత్తబడతాయనుకోవడం మేక మాంసం లెక్క, రొయ్యలకు పనికిరాదు. వేయించడానికి పది నిమిషాల ముందు అర చెక్క పిండితే చాలు. కరకర కావాలంటే అప్పుడే రెండు చెంచాల బియ్యప్పిండి చల్లండి. మైదా కంటే ఇదే కరకరలాడుతుంది. మరలో ఆడించే పిండయితే ముందు గోధుమలు ఆడించి ఉంటారు, జాగ్రత్త.

పెనం బాగా కాగాక ఒక్కొక్కటీ విడివిడిగా పరిచి, ఒక్కో వైపు రెండు నిమిషాలు వేయించండి. రొయ్య కొడవలిలా వంగి, లోపల తెల్లబడితే దించేయండి. సున్నా చుట్టుకుందంటే రబ్బరే. పూరీలు వేయించిన నూనె మిగిలింది కదా అని ఇందులో పోయకండి. మిగిలిన ఊట కూడా పారేయండి, పచ్చి రొయ్యల్లో ఊరినది చట్నీకి పనికిరాదు.