వయ్యారిభామ మీదికి గీతల పురుగును వదిలేటప్పుడు

మా మామకు మోచేతుల నిండా దద్దుర్లు లేచాయి. నల్లగొండలో డాక్టరుకు చూపిస్తే వయ్యారిభామ కలుపు మొక్క పడటం లేదన్నాడు. మా పత్తి చేను గట్ల మీద అది నడుమెత్తు ఉంది. ఎంత పీకినా, వాన పడితే మళ్లీ మొలిచేది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది మరి. అందుకే దాన్ని తినే మెక్సికన్ పెంకు పురుగును తెచ్చి వదిలాను. మొదటి ఏడు నా తప్పు వల్లే పోయింది. మీకట్లా కావద్దనే రాస్తున్నా.

ముందు పురుగును గుర్తుపట్టాలి. కందిగింజంత ఉంటుంది. మీగడ రంగు వీపు మీద నిలువుగా, వంకరటింకరగా గోధుమ గీతలు. 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చి, మరుసటేడు బయట వదిలారు. తర్వాత అదే చాలా దూరం పాకింది. వానాకాలంలో ఆకులు జల్లెడలా తూట్లు పడ్డ వయ్యారిభామ కనిపిస్తే ఆగి చూడండి. నాకు జడ్చర్ల దగ్గర, మా అక్క వాళ్ల ఊళ్లో దొరికింది.

పట్టేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మూతికి గుడ్డ తప్పనిసరి. గొడుగు తిరగేసి మొక్క కింద పట్టి కొమ్మను తడితే టపటపా రాలతాయి. వెడల్పు డబ్బాలో పూత లేని వయ్యారిభామ ఆకులు వేసి, మూతికి పల్చటి బట్ట కట్టండి. పూత ఉన్న కొమ్మ వేస్తే విత్తనాలు కూడా మోసుకొచ్చినట్టే. ఆకులు తడిగా ఉండొద్దు, డబ్బా ఎండలో పెట్టొద్దు. ఆ రోజే వదిలేయాలి.

మొదటిసారి తెచ్చిన రెండు వందల పురుగులను గట్టు పొడవునా ఇక్కడో పది, అక్కడో పది చల్లాను. వారం తర్వాత వెతికితే ఒక్కటీ లేదు. రెండో ఏడు పుష్యమి కార్తెలో, సాయంత్రం చల్లబడ్డాక, దాదాపు ఐదు వందలు ఒకే గుబురులో వదిలాను. మొక్కలు లేతగా ఉన్న చోటే చూసుకోండి.

కొన్నాళ్లకు ఆకుల అడుగున పసుపు గుడ్లు కనిపించాయి. పిల్ల పురుగులు చిగుళ్లలోకి దూరి మొగ్గలను తినేస్తాయి. మనకు కావాల్సిందదే, పువ్వు లేకపోతే విత్తనం లేదు. ఎదిగాక మట్టిలోకి దిగి, అక్కడే పెంకు పురుగులై పైకొస్తాయి. నెల రోజుల్లో కొత్త తరం మొదలవుతుంది.

అందుకని ఆ గుబురు కింది నేలను ముట్టుకోవద్దు. పారతో గీకొద్దు, గడ్డి మందు కొట్టొద్దు. పత్తికి మందు కొట్టిన రోజు మా ఆయన ఆ పక్క నాలుగు సాళ్లు వదిలేశాడు. చలికాలంలో పెద్ద పురుగులు కూడా మట్టిలో దాక్కుంటాయి. చచ్చాయనుకుని దున్నేయకండి.

పొద్దుతిరుగుడు వేసినవాళ్లకు టెన్షన్ ఉంటుంది. 1990ల మొదట్లో కర్ణాటకలో ఆ ఆకులు కొరుకుతోందని గొడవైంది. పరిశీలించాక పంటకు పెద్ద ముప్పు లేదని తేల్చారు. అయినా నేను ఆ చేనుకు దూరంగానే వదులుతాను.

ఈ ఏడు మృగశిర వానలకు మట్టి తడిసిన నాలుగో రోజు మామ చేను నుంచే ఫోన్ చేశాడు: "బిడ్డా, నీ పురుగులు లేచినయ్!"

పురుగు వచ్చిందని చేతులు కట్టుకుని కూర్చోలేం. మిగిలిన మొక్కలను పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు గ్లౌజులతో వేరుతో సహా పీకుతున్నాం. ఖాళీ అయిన చోట తంగేడు గింజలు చల్లాను, వయ్యారిభామకు మళ్లీ జాగా దొరక్కుండా.