సిగార్ వెలిగించే ముందే విస్కీ రుచి చూడండి

కెనడా నిబంధనల ప్రకారం అక్కడి విస్కీ 700 లీటర్లకు మించని చెక్క పీపాలలో కనీసం 3 సంవత్సరాలు నిల్వ ఉండాలి. ఆ పీపా కొత్తదే కావాలన్న నిర్బంధం లేనందువల్ల తయారీదారులు పోర్ట్ వైన్, రమ్ పీపాలతోనూ, ఒంటారియోలోని ఫార్టీ క్రీక్ వారు కన్ఫెడరేషన్ ఓక్ అనే తమ విస్కీ విషయంలో చేసినట్లు కెనడాలోనే పెరిగిన ఓక్ చెట్ల చెక్కతోనూ ప్రయోగాలు చేయగలుగుతున్నారు. ఇటువంటి విస్కీలో పీపా ఇచ్చిన పరిమళమే అసలు విశేషం కనుక, మొదటి రెండు మూడు గుక్కలను ఐసు ముక్కలు వేయకుండా, సిగార్ వెలిగించక ముందే తీసుకోవాలి. పొగ నాలుకను ఒకసారి కప్పేశాక వెనిలా, ఎండు పండ్ల వంటి సున్నితమైన రుచులు దాదాపు తెలియవు. ఘాటు ఎక్కువనిపిస్తే నాలుగు నీటి చుక్కలు కలిపితే చాలు. మొక్కజొన్న ప్రధానంగా ఉన్న మృదువైన విస్కీకి లేత రంగు కనెక్టికట్ ఆకు చుట్టిన సిగార్ నప్పుతుంది. పోర్ట్ పీపాలో పరిపక్వమైనదానికీ, రై ధాన్యపు కారం బలంగా ఉన్నదానికీ మాత్రం మదురో అనే ముదురు రంగు ఆకు చుట్టిన సిగారే నా ఎంపిక. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకుండా నోటిలోనే నిలిపి వదిలిన తరువాత, కాసిని మంచినీళ్లు తాగి, అప్పుడు తరువాతి గుక్క తీసుకోండి.